డాక్టర్ సలహా: ‘ఆపరేషన్ కాదు కదా’ అని ముఖానికి సూది పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తరువాత రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు మచ్చలు వచ్చాయి. మందుల దుకాణంలో ఇచ్చిన క్రీమును రెండేళ్లుగా రాత్రిపూట రాస్తున్నాను. రాసినంత కాలం బాగుంటుంది, మానితే ముఖం ఎర్రబడి మండుతుంది. కుటుంబ నియంత్రణ మాత్రలు కూడా వాడుతున్నాను. ఏడు వారాల్లో మా చెల్లెలి పెళ్లి. బరంపురంలోని ఒక బ్యూటీ పార్లర్ వారు చర్మం తెల్లబడటానికి సెలైన్‌లా ఎక్కించే గ్లూటాథియోన్ డ్రిప్ ఐదు సిట్టింగులు, పెదవులు నిండుగా కనిపించేలా జెల్ నింపే సూది లేని లిప్ ఫిల్లర్, కళ్ల కింద నలుపుకు ఫిల్లర్, నుదుటి గీతలు పోవడానికి బొటాక్స్ సూది అన్నీ కలిపి ప్యాకేజీ ఇస్తామంటున్నారు. ఫిల్లర్లు వేయడానికి ఆదివారాల్లో విశాఖపట్నం నుంచి ఒకరు వస్తారట. ఆపరేషన్ కాదు కనుక భయం లేదంటున్నారు. మా అత్తగారు మాత్రం వద్దంటున్నారు. బొటాక్స్ ఒకసారి మొదలుపెడితే మానలేమన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారు ఏ కారణంతో వద్దన్నారో మీరు రాయలేదు గానీ, ఈ ప్యాకేజీ విషయంలో నా సలహా కూడా అదే. ఇందులోని చికిత్సలన్నీ చెడ్డవని కాదు. వాటిలో రెండు సరైన చేతుల్లో, సరైన మనిషికి చక్కగా పనిచేసేవే. కానీ మీ ప్రశ్నలో ముందుగా తేల్చవలసింది డ్రిప్పు, ఫిల్లరు కావు. రెండేళ్లుగా రాస్తున్న ఆ క్రీము సంగతి.

మీరు పేరు రాయలేదు. అయినా రాస్తే తెల్లబడటం, మానితే ఎర్రబడి మండటం అన్న లక్షణాలను బట్టి చూస్తే అది మూడు మందుల మిశ్రమం కావచ్చు: రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొరను ఒలిచే ట్రెటినాయిన్, వాపును అణచే మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్. ఈ మిశ్రమం మంగుకు నిజంగానే మంచి మందు, నేనూ రాసిస్తాను. అయితే సాధారణంగా ఎనిమిది వారాలకు మించి వాడించము. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి తేలుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, మొటిమల వంటి పొక్కులు వస్తాయి. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి వాడితే కొందరిలో నీలం కలిసిన నల్లటి మచ్చలు ఏర్పడతాయి, అవి మంగు కంటే మొండివి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పగటి వెలుతురులో కిటికీ పక్కన నిలబడి అద్దాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి: ముక్కు పక్కన, చెంప ఎముక మీద ఎర్రటి దారపు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే మీ చర్మం ఇప్పటికే దెబ్బతిన్నదని అర్థం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. నిబంధన ఉంది, దుకాణంలో అడిగినవారికి ట్యూబూ దొరుకుతూనే ఉంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రికే ట్యూబు విసిరేయవద్దు. అకస్మాత్తుగా మానితే మంట, ఎర్రదనం, పొక్కులు మరింత తీవ్రంగా తిరగబెడతాయి, అది సరిగ్గా పెళ్లి పనుల మధ్య రావచ్చు. స్టెరాయిడ్ బలాన్ని, రాసే రోజులను క్రమంగా తగ్గిస్తూ, అవసరమైతే స్టెరాయిడ్ కాని పూతమందును జోడిస్తూ కొన్ని వారాల్లో మాన్పించాలి. ఇది చర్మవైద్యులు ముఖం చూసి నడిపించవలసిన పని. ఈలోగా బ్లీచ్, ముఖానికి వాక్సింగ్, స్క్రబ్, కెమికల్ పీల్ ఏవీ వద్దు. ట్రెటినాయిన్ రాసిన చర్మం మీద వాక్స్ పట్టీ లాగితే పైపొర దానితోనే లేచి రావడం, ఆ చోటే నల్లగా మచ్చపడటం పెళ్లిళ్ల కాలంలో మేము తరచుగా చూసేదే.

మంగు ఎందుకు పోవడం లేదన్న దానికి మీ ఉత్తరంలోనే మరో కారణం కనిపిస్తోంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మంగును పెంచుతాయి. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి, స్త్రీవైద్య నిపుణులను కలిసి కాపర్-టీ వంటి ప్రత్యామ్నాయం గురించి మాట్లాడండి. మంగుకు ఈ మధ్య విస్తృతంగా ఇస్తున్న ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే అవకాశం ఉంది. గర్భనిరోధక మాత్రలకూ ఆ గుణం ఉంది. రెండింటినీ కలిపి వాడటం ప్రమాదకరం కనుక, ఎవరైనా ఆ మందు రాసిస్తే మీరు వేసుకునే మాత్రల సంగతి తప్పక చెప్పండి. ఇక మంగును రెచ్చగొట్టేది ఎండ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుగు, పొయ్యి దగ్గరి వేడి కూడా. అందుకే మామూలు తెల్లటి సన్‌స్క్రీన్ కంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ మంగు ఉన్నవారికి మెరుగ్గా పనిచేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు పైన ఉన్నది, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకుని, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి రాయాలి. వేలికొసతో బొట్టు పెట్టినట్టు అద్దుకుంటే అది రాయనట్టే.

డ్రిప్ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు: వద్దు. చర్మం తెల్లబడటానికి ఏ ఇంజెక్షన్‌నూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించలేదు. ఈ వాడకం విపరీతంగా పెరిగిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే ప్రజలను హెచ్చరించింది. తీవ్రమైన అలర్జీ, ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రతిచర్య, మూత్రపిండాలపై, కాలేయంపై దుష్ప్రభావం వంటివి నమోదయ్యాయి. మెరుపు వచ్చినా అది తాత్కాలికం. ఈ డ్రిప్పుల్లో గ్లూటాథియోన్‌తో పాటు విటమిన్ సి కూడా పెద్ద మోతాదులో కలుపుతారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి అంత మోతాదు నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. ఈ లోపం మన దక్షిణ ఒడిశా జిల్లాల్లో అరుదైనదేమీ కాదు, చాలామందికి తమకు ఉన్నట్టు తెలియనే తెలియదు. పార్లర్‌లో ఎవరైనా ఆ రక్తపరీక్ష గురించి అడిగారా?

సూది లేని లిప్ ఫిల్లర్ అన్నది హైలురాన్ పెన్ అనే పరికరం. సూదికి బదులు అధిక ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి చిమ్ముతుంది. ఎంత లోతుకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చేసేవారి అదుపులో ఉండదు. ఫిల్లర్లకు ఇటువంటి పరికరాలు వాడవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది. సూది లేదన్నది ఇక్కడ ధైర్యం చెప్పే మాట కాదు. సూదికైతే కనీసం దాన్ని పట్టుకున్న చేతి నేర్పు తోడుంటుంది.

ఇప్పుడు అసలు ఫిల్లర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్యాకేజీలో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ ఆదివారం మాటే. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫిల్లర్ హైలురోనిక్ యాసిడ్ అనే జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే, ప్రయోగశాలలో గట్టిపరిచి తయారుచేస్తారు. వేసిన చోటును బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఉంటుంది. నచ్చకపోతే హైలురానిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు, ఈ సౌలభ్యం వల్లనే అది పాత రకాలను వెనక్కి నెట్టింది. కానీ ముఖమంతా రక్తనాళాల అల్లిక. జెల్ పొరపాటున ధమనిలోకి వెళ్లినా, దాన్ని బయటినుంచి నొక్కేసినా ఆ భాగానికి రక్తం అందదు. చర్మం ముందు పాలిపోతుంది, తరువాత వలలాగా ఊదారంగు తిరుగుతుంది, చాలామందికి నొప్పి తీవ్రంగా ఉంటుంది. అయితే మత్తుమందు కలిసిన జెల్ అయితే నొప్పి తెలియకపోనూవచ్చు. అందుకే ఫిల్లర్ వేశాక డాక్టరు ఆ చోటును వేలితో నొక్కి వదిలి, తెల్లబడిన చర్మం రెండు సెకన్లలో మళ్లీ రంగు తేరుతోందా అని చూస్తారు. తేరకపోతే ఫ్రిజ్‌లోని హైలురానిడేజ్‌ను వెంటనే తీసి పెద్ద మోతాదులో ఇవ్వాలి. కనుబొమల మధ్య, ముక్కు మీద వేసినప్పుడు జెల్ ధమనిలో వెనక్కి నడిచి కంటి రక్తనాళాన్ని మూసేస్తే చూపు పోతుంది. గంటా గంటన్నర దాటితే ఆ చూపు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఇది చాలా అరుదు, కానీ జరుగుతుంది.

ఈ ఇబ్బంది కుర్చీలోనే బయటపడాలని లేదు, కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మరునాడు కూడా బయటపడవచ్చు. మీరు పర్లాకిమిడి చేరి, రాత్రి పెదవి నల్లబడటం గమనించి ఫోన్ చేసేసరికి, ఫిల్లర్ వేసినాయన విశాఖ రైల్లో ఇచ్ఛాపురం దాటి ఉంటారు. పార్లర్‌లో మందు ఉండదు, ఉన్నా ఇవ్వగలిగినవారు ఉండరు. ఎంత నేర్పు గల డాక్టరైనా సరే, చికిత్స చేసిన మరునాడు అందుబాటులో లేని చోట ఫిల్లర్ వేయించుకోవద్దని నేను నా బంధువులకూ చెబుతాను. వచ్చేది ఎవరో కూడా మీకు తెలియదు కదా. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో చూసుకోండి, చర్మవ్యాధుల్లో ఎండీ గానీ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ ఉండాలి. సౌందర్య శస్త్రచికిత్సలు, జుట్టు మార్పిడిపై 2022లో ఆ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం తగిన శిక్షణ కాదని స్పష్టంగా రాసింది. అలా రాయవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి.

కళ్ల కింద నలుపుకు ఫిల్లర్ అందరికీ పనికిరాదు. ఆ నలుపు గుంట నీడ వల్ల అయితేనే ప్రయోజనం. చర్మానికి రంగునిచ్చే వర్ణకం వల్లనో, పలచని చర్మం కింద సిరలు కనిపించడం వల్లనో, రక్తహీనత వల్లనో అయితే ఫిల్లర్ వేసినా నలుపు నలుపే. పైగా అక్కడి పలచని చర్మం కింద జెల్ పైపైన పడితే నీలంగా కనిపిస్తుంది. వేలితో చర్మాన్ని మెల్లగా పక్కకు లాగినప్పుడు నలుపు కూడా చర్మంతో పాటే కదిలితే అది వర్ణకమే అనుకోవచ్చు. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ఖర్చు తక్కువ.

బొటాక్స్ అలవాటైపోతుందన్నది అపోహ. బొటాక్స్‌లోని బొటులినమ్ టాక్సిన్ అనే మందు, కండరాన్ని కదిలించడానికి నరం చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుని, ఆ కండరాన్ని కొంతకాలం సడలిస్తుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో ప్రభావం మొదలై, రెండు వారాల్లో పూర్తిగా కనిపించి, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. మానేస్తే గీతలు మునుపటిలా తిరిగి వస్తాయి, అంతకంటే ముదరవు. మెల్లకన్ను, కనురెప్పల వణుకు చికిత్సకు 1989లోనే అమెరికాలో అనుమతి పొందిన మందు ఇది, కనుబొమల మధ్య గీతలకు 2002లో అనుమతి వచ్చింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్తీనియా గ్రావిస్ వంటి కండరాల బలహీనత ఉన్నవారికి ఇవ్వము. మీకు అవసరమా అంటే, ముఖం మామూలుగా ఉంచినప్పుడు కూడా నుదుట గీతలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనుబొమలు ఎగరేసినప్పుడు మాత్రమే పడితే తొందరేమీ లేదు. కావాలనే అనుకుంటే అర్హులైన వైద్యుల దగ్గర, పెళ్లికి కనీసం నాలుగు వారాల ముందు చేయించుకోవాలి. రెప్ప కాస్త వాలినా, ఒక కనుబొమ పైకి లేచినా సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. సీసాను మీ ఎదుటే తెరవమనండి, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని యూనిట్లు ఇచ్చారో రాసి ఇమ్మనండి. ఒక బ్రాండు యూనిట్లు మరో బ్రాండుకు సమానం కావు.

ఇదే పార్లర్‌లో వాంపైర్ ఫేషియల్ అని మరేదైనా చెబితే దానికీ ఒప్పుకోవద్దు. మీ రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి సూదులతో ముఖంలోకి పంపే ప్రక్రియ అది. అమెరికాలోని న్యూమెక్సికోలో అనుమతి లేని ఒక స్పాలో ఇది చేయించుకున్న మహిళలకు హెచ్ఐవీ సోకిన సంగతిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. హైడ్రా ఫేషియల్ వరకైతే పెద్ద ప్రమాదం లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. అది కూడా మీ చర్మం కుదుటపడే వరకు వద్దు. మంగుకు లేజర్ గురించి ఎవరైనా చెబితే, మన గోధుమ, చామనఛాయ చర్మాల్లో వేడికి మచ్చలు మరింత ముదిరే ప్రమాదం ఉందని గుర్తుపెట్టుకోండి. మా వృత్తిలో మంగుకు లేజర్‌ను మొదటి చికిత్సగా ఎంచుకోము.

ఈ ఏడు వారాల్లో మీకు నేను వేసే ప్రణాళిక ఇంతే: క్రీమును క్రమంగా తగ్గించడం, సున్నితమైన ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, రంగు కలిసిన సన్‌స్క్రీన్, మంట తగ్గాక అజెలాయిక్ యాసిడ్ వంటి తేలికపాటి పూతమందు. పెళ్లినాటికి మంగు పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను, ఎవరిచ్చినా నమ్మకండి. ఎరుపు, మంట తగ్గితే మిగిలిన మచ్చను ఆ ఒక్కరోజుకు మేకప్ కప్పుతుంది. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, విశాఖపట్నం మీకు వీలైతే కేజీహెచ్‌లో గానీ చర్మవ్యాధుల విభాగంలో ఈ వారమే చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ క్రీము ట్యూబు, దాని అట్టపెట్టె, మాత్రల స్ట్రిప్, మంగు రాకముందు తీసిన ఒక ఫోటో వెంట తీసుకెళ్లండి. ముఖానికి పౌడరు గానీ క్రీము గానీ ఏదీ రాసుకోకుండా వెళ్లండి.

– చర్మవ్యాధి నిపుణులు, బరంపురం