దుప్పటి మడత దగ్గర ఆగు

తమ్ముడూ,

‘బో త్రవాయ్’ అనే ఫ్రెంచి సినిమా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీలోనే ‘అణచుకున్న స్వలింగ కాంక్ష’ అని ఐదు చోట్ల రాశావు. సినిమాలో ఆ మాట ఎవరి నోటా రాదు. ఐదూ కొట్టెయ్.

క్లేర్ డెనీ 1999లో తీసిన ఈ సినిమాని నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని మళ్లీ చూడు. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు కథ చెప్పే సైనికాధికారి గలూ వాయిస్ ఓవర్‌లో చెప్పేది, కుడివైపు తెర మీద కనిపించేది రాసుకో. ఆఫ్రికాలోని జిబూటీలో ఫారిన్ లీజియన్‌లో (విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచి సైనిక దళం) గడిపిన రోజుల్ని అతను ఫ్రాన్సులోని మార్సేయ్‌లో కూర్చుని తలుచుకుంటున్నాడు. దళంలోకి కొత్తగా వచ్చిన సైనికుడు సాంతాన్ అందమూ మంచితనమూ మనదాకా వచ్చేది అతని చూపులోంచే. నువ్వేమో ‘సాంతాన్ అమాయకుడు’ అని ఖాయం చేసేశావు! ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పైగా ఎడారిలో చావుబతుకుల్లో ఉన్న సాంతాన్‌ని స్థానికులు కాపాడిన ఘట్టం గలూ చూసింది కాదు. మరి అది ఎవరి జ్ఞాపకం? నీ వ్యాసానికి అసలు ప్రశ్న అదీ.

మూలం అమెరికా రచయిత మెల్విల్ నవలిక ‘బిల్లీ బడ్’ అనీ, సైనికుల కసరత్తుల వెనక వినిపించేది అదే కథ మీద సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ కట్టిన ఆపెరా (సంగీత నాటకం) అనీ రెండు వాక్యాల్లో చెప్పి వదిలెయ్. రెండు పేజీలు అక్కర్లేదు.

సాంతాన్ మీద గలూకున్న అసూయని మాత్రం నెమ్మదిగా రాయి. శిక్ష పడ్డ సైనికుడికి సాంతాన్ నీళ్లివ్వబోతాడు. గలూ అడ్డుపడతాడు. సాంతాన్ చెయ్యి చేసుకుంటాడు. ఆ తర్వాత గలూ అతన్ని పాడైన దిక్సూచితో ఉప్పు మైదానంలో దింపేసి వస్తాడు. నాలుగూ ఇదే వరుసలో, విశేషణాల్లేకుండా రాయి. ‘ఈర్ష్యతో రగిలిపోతూ’ అని తగిలించావో, దిక్సూచి ఎవరికీ కనపడదు.

చివరికొద్దాం. గలూ దుప్పటి ముడత లేకుండా సర్దుతాడు, పిస్తోలు పొట్ట మీద పెట్టుకుని పడుకుంటాడు. కెమెరా చేతి కండ దగ్గరికెళితే అక్కడ నరం కొట్టుకుంటూ ఉంటుంది. ఆపైన క్లబ్బు, అద్దాల గోడ, ‘ద రిథమ్ ఆఫ్ ద నైట్’ పాట, గలూగా నటించిన డెని లవాన్ ఒంటరి డాన్సు. ‘ఆత్మహత్య చేసుకున్నాడు’ అని రాశావు. తుపాకి పేలిందా? ఆ డాన్సు చావుకి ముందో, వెనకో, ఉత్త ఊహో దర్శకురాలు డెనీ తేల్చలేదు. నువ్వూ తేల్చకు. దుప్పటికీ ఆ నరానికీ చెరో పేరా ఇవ్వు, డాన్సుకి అంతకన్నా తక్కువ.

వెయ్యి మాటలు దాటకుండా తిరగరాసి పంపు.