స్కిడ్ ప్లేట్ల తయారీ, ర్యాలీ ప్రవేశం

ప్రశ్న: జీపులకు స్కిడ్ ప్లేట్లు (ఇంజన్ అడుగుభాగానికి రాళ్లు తగలకుండా కాపాడే లోహపు పలకలు), ముందు గార్డులు సొంతంగా రూపొందిస్తున్నాను. ర్యాలీలోనూ పాల్గొనాలని ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ప్లేటు మందం గురించి ఎంతో ఆలోచించేవారు కూడా ఇంజన్ ఆయిల్ తీసే బోల్టుకు ఎదురుగా రంధ్రం, చేరిన బురద జారిపోవడానికి సందులు వదలడం మరచిపోతుంటారు, అవి లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేటంతా ఊడదీయవలసి వస్తుంది. బిగించే బోల్టుల తలలు బయటికి పొడుచుకు రాకూడదు, రాళ్లకు రాసుకుని అరిగిపోతే స్పానరుకు పట్టు దొరకదు. ఉక్కు బరువే అయినా, వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు కనుక నా ఓటు దానికే.

గార్డుల విషయం వేరు. అనుమతి లేని క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది కాబట్టి, వాటి తయారీ మానుకోవడమే మంచిది.

జాతీయ స్థాయి ర్యాలీకి, దేశంలో మోటారు క్రీడలను పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్సు అవసరం; వేగ పోటీలకు వాహనంలో రోల్ కేజ్ (బండి బోల్తాపడినా లోపలివారిని కాపాడే లోహపు చట్రం), పక్కన దారి చదివి చెప్పే నావిగేటరు కూడా ఉండాలి.