హోర్యూజీలో కర్రలు మార్చారు కదా, మరి 1300 ఏళ్ళ నాటి కట్టడమని ఎలా అంటారు?

మార్చిన మాట నిజమే. ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో జపాన్‌లో నారా దగ్గరున్న ఈ బౌద్ధాలయానికి నాలుగైదు సార్లు వెళ్ళాను. మొదటిసారి నాకూ ఇదే అనుమానం. అది తీరింది ప్రాంగణం చుట్టూ ఉన్న వసారాలోనే.

అక్కడి స్తంభాలు హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) మానువి. మీరు వెళ్తే వాటి మొదళ్ళు చూడండి. కొన్నిటికి కింద వేరే కర్ర ఉంటుంది. పుచ్చినంత మేర కోసేసి కొత్తది అతికారు. ఒకదానికి నడుము ఎత్తులో అరచేయంత ముక్క తీసి, అదే కొలతకి ఇంకోటి బిగించారు. రంగు తేడా తెలుస్తుంది కానీ, అతుకులో గోరు కూడా దూరదు. పాడైనంతే తీయడం, మిగతాది ఉంచడం. మా తాతగారి మండువా ఇంట్లో రెండు స్తంభాలకి చెద పట్టిందని ఇల్లంతా పడగొట్టి స్లాబు వేశారు. ఆ వసారాలో నిలబడితే అదే గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

1934లో మొదలైన పెద్ద మరమ్మతులు 1985 దాకా సాగాయి. అందులో పనిచేసిన నిషియోకా త్సునెకజు అనే వడ్రంగి, పెంకుల బరువు దించాక వంగిన చూరు కర్రలు మెల్లగా పైకి లేచాయని, చిత్రిక పడితే ఇప్పటికీ హినోకి వాసన వస్తుందని చెప్పేవారు. అంత చేవ ఉన్న కర్రని ఎవరు పారేస్తారు?

అయితే ప్రధాన మందిరం విషయంలో మీ అనుమానం కొంత సబబే. మరమ్మతులు జరుగుతుండగానే, 1949 జనవరి 26 తెల్లవారుజామున నిప్పంటుకుని కింది అంతస్తు గోడల మీది చిత్రాలు కాలిపోయాయి. పై భాగం అప్పటికే విప్పి పక్కన పెట్టడం వల్ల దక్కింది. మందిరాన్ని 1954కి తిరిగి నిలబెట్టారు. కాలిన స్తంభాలనీ గోడలనీ మాత్రం పారేయకుండా ఆలయంలోనే విడిగా భద్రపరిచారు. 1950లో సాంస్కృతిక సంపద రక్షణ చట్టం రావడానికి ఈ ప్రమాదమే కారణం. ఇప్పటికీ ఆ తేదీన దేశమంతటా ఆలయాల్లో అగ్నిమాపక విన్యాసాలు చేస్తారు.

అయిదంతస్తుల పగోడా సంగతి వేరు. దాని నడిమి స్తంభం మొదలు దగ్గర మరమ్మతు కోసం కోసిన ముక్కని కూడా దాచి ఉంచారు. చాలా ఏళ్ళ తర్వాత అందులో ఏడాదికొకటిగా పడిన వలయాలు పరీక్షిస్తే, ఆ చెట్టుని 594లో నరికారని తేలింది. ఇప్పుడున్న పగోడా కన్నా పాత మాను అది.