అమ్మానాన్నలతో అకేడియా వెళ్తున్నారా? ముందు ఆటుపోట్ల టైమింగ్స్ చూసుకోండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సెప్టెంబరులో మూడు రోజులు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న అకేడియా నేషనల్ పార్కుకి వెళ్తున్నామని, నాన్నగారికి మోకాళ్ల నొప్పులని, కాడిలాక్ కొండ మీద సూర్యోదయం తప్పకుండా చూడాలా అని అడిగారు. మేమూ మా అత్తయ్యనీ మామయ్యనీ తీసుకుని సెప్టెంబరులోనే వెళ్లాం. అక్కడ ఏ చోటికి ఏ గంటకి చేరతామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కాబట్టి మొదట సముద్రం సంగతి చెప్తాను.

ఆ తీరంలో పోటుకీ ఆటుకీ నీటిమట్టం 8 నుంచి 12 అడుగుల దాకా మారిపోతుంది. విశాఖ, కాకినాడ తీరాలు చూసిన కళ్లకి ఇది చాలా కొత్త. పొద్దున కెరటాలు కొట్టుకుంటున్న చోట మధ్యాహ్నానికి బండలు బయటపడి ఉంటాయి. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. మీరు వెళ్లే తేదీలకి పార్కు పక్కనున్న బార్ హార్బర్ ఊరి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసి ఆ గంటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మిగతా ప్రోగ్రామ్ అంతా వాటిని బట్టి వేసుకోవచ్చు.

థండర్ హోల్‌కి పోటుకి గంట, రెండు గంటల ముందు వెళ్లాలి. రాళ్ల మధ్య సన్నటి సందు, దాని చివర చిన్న గుహ. అల లోపలికి తోసుకొచ్చినప్పుడు గుహలో గాలి చిక్కుకుని, నొక్కుకుపోయి, ఒక్కసారిగా బయటికి తన్నుతుంది. ముందు నీళ్లు గుడగుడమంటూ వెనక్కి లాక్కుంటాయి, ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత ఉరుము. రెయిలింగ్ మీద చెయ్యి వేసి ఉంటే ఆ అదురు చేతికి తెలుస్తుంది. మా అత్తయ్య అక్కణ్నుంచి కదలనంది. ఆటు సమయంలో వెళ్లినవాళ్లకి మాత్రం గుంటలో కదిలే నీళ్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు.

బార్ ఐలాండ్ అనే చిన్న దీవి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆటుకి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు బార్ హార్బర్ ఊళ్లోంచి ఆ దీవికి సముద్రం అడుగునున్న గులకరాళ్ల దారి తేలుతుంది. దారి చదునుగానే ఉంటుంది గానీ రాళ్లు కాలి కింద జారుతుంటాయి. నాన్నగారికి చేతికర్ర ఇచ్చి, సగం దూరం నడిచి వెనక్కి వచ్చినా చాలు. రాళ్లకి అతుక్కున్న ఆల్చిప్పలు, గాలిబుడగలున్న సముద్రపు నాచు అక్కడే వంగి చూడొచ్చు. తిరిగొచ్చే టైమ్ మాత్రం అలారం పెట్టుకోండి. దారి మునిగిందంటే మళ్లీ తేలడానికి తొమ్మిది గంటలు పడుతుంది. కారు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ దారి మీద పెట్టొద్దు.

ఇంకో మాట, ఇది సీరియస్‌గా తీసుకోండి. నీళ్ల దగ్గర నల్లగా కనిపించే రాళ్ల మీద అడుగు పెట్టనివ్వకండి, ఆ నలుపు పాకుడే. సెప్టెంబరు తుఫాన్ల కాలం కూడా. 2009 ఆగస్టులో బిల్ హరికేన్ దూరంగా సముద్రం మీదుగా వెళ్తుండగానే దాని అలలు థండర్ హోల్ దగ్గర నిలబడ్డవాళ్లని లాక్కెళ్లాయి, ఒక చిన్నపాప చనిపోయింది. ఎండగా ఉందని ధైర్యం చెయ్యకండి. రేంజర్లు దారి మూసేస్తే వెనక్కి తిరగడమే.

ఇక కాడిలాక్. 1,530 అడుగుల కొండ, పైదాకా కారు వెళ్తుంది. అమెరికాలో తొలి సూర్యోదయం అక్కడే అని అందరూ అంటారు. అది అక్టోబరు మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం వరకే నిజం. మీరు వెళ్లేటప్పుడు కాదు. చీకట్లో పెద్దవాళ్లని లేపి, ఆ చలిగాలిలో నిలబెట్టడం నాకైతే ఇష్టం లేదు. పగటిపూట స్లాట్ తీసుకోండి. కారుకి ముందే ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ ఉండాలి, పార్కు ఎంట్రీ పాస్ వేరు. ఎక్కువ భాగం స్లాట్లు రెండు రోజుల ముందు ఉదయం 10 గంటలకి వదులుతారు. నిజానికి అదే మంచిది, పొగమంచు ఉంటుందో లేదో చూసుకుని బుక్ చేసుకోవచ్చు. అక్కడ సిగ్నల్ నమ్మలేం, క్యూఆర్ కోడ్ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మోకాళ్లకి హాయిగా ఉండేవి క్యారేజ్ రోడ్లు, అంటే గుర్రబ్బండ్ల కోసం వేసిన దారులు. కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 వరకు వేయించిన 45 మైళ్ల కంకర దారులు, కార్లు రానివ్వరు. జోర్డాన్ పాండ్ అనే చెరువు దగ్గర మొదలుపెట్టి ఓపిక ఉన్నంత నడిచి వెనక్కి రండి. అక్కడి రెస్టారెంట్లో పోపోవర్లు (లోపల బోలుగా పొంగే బన్నుల్లాంటివి) చాలా ఫేమస్, కానీ వాటిలో గుడ్డు ఉంటుంది. అమ్మగారు తినకపోతే ముందే చెప్పండి.

పార్కింగ్ టెన్షన్ వద్దనుకుంటే ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఉచితం, అక్టోబరు మధ్య దాకా నడుస్తాయి. కాడిలాక్ పైకి మాత్రం వెళ్లవు.

మూడో రోజు పార్కులోనే భాగమైన స్కూడిక్ పెనిన్సులాకి (ద్వీపకల్పానికి) ఇవ్వండి. కారులో గంట పైనే ప్రయాణం, జనం బాగా తక్కువ. లేత గులాబీ గ్రానైట్‌లో నల్లరాయి చారలు నిలువునా దిగి ఉంటాయి. పార్కింగ్ నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం ఎదురుగానే ఉంటుంది. మా మామయ్య మడత కుర్చీ వేసుకుని మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నారు. మీరూ రెండు మడత కుర్చీలు కారులో వేసుకెళ్లండి.