తొమ్మిదేళ్ల పాపకి రోజూ రెండు గంటల వయొలిన్ సాధన ఎక్కువా?

మాస్టారు రెండు గంటలు చెయ్యమన్నారనీ, కింద పిల్లల ఆటల సందడి వినపడగానే పాప కళ్లనీళ్లు పెట్టుకుంటోందనీ రాశారు. నా ఉద్దేశంలో ఆ వయసుకి ఏకబిగిన రెండు గంటలు ఎక్కువే. ముఖ్యంగా సాయంత్రం ఆట మాన్పించకండి.

బడికి ముందు పాతిక నిమిషాలు, రాత్రి అన్నానికి ముందు ఇంకో పాతిక చాలు. పొద్దున సరళీ వరుసలు, జంట వరుసలు, అంటే కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు. నిదానంగా సాగే మొదటి కాలంలో శ్రుతి నిలవకముందే బాగా వేగంగా వాయించే మూడో కాలానికి పరిగెత్తిస్తే తప్పే వేళ్లకి అలవాటైపోతుంది. దాన్ని వదిలించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. వర్ణంలో (ఆ వరుసల తర్వాత నేర్పే పెద్ద పాఠం) తడబడుతున్న ఒక్క ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, పట్టుకుని నిదానంగా ఐదుసార్లు వాయిస్తే, మొత్తం వర్ణం పదిసార్లు గబగబా లాగించడం కన్నా మేలు. రాత్రి పూట తనకి నచ్చింది వాయించుకోనివ్వండి, సినిమా పాటైనా సరే.

మెడ, భుజం నొప్పి అంటే సాకనుకోకండి. ఈ వయసు పిల్లలు చాలామందికి పెద్దల వయొలిన్ పెద్దదవుతుంది. అర సైజో ముప్పావు సైజో సరిపోతుందేమో మాస్టారినే చూడమనండి.

బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్లకే కచేరీ చెయ్యలేదా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. నిజమే. కానీ ఆయన తండ్రిగారు సంగీత విద్వాంసులు, పుట్టినప్పటి నుంచీ చెవిలో స్వరమే. ఆ పోలిక పాప నెత్తిన పెట్టడం అన్యాయం.

మాస్టారితో మీరే మాట్లాడండి, పాప ఎదురుగా మాత్రం వద్దు. రెండు గంటలెందుకు కుదరదో చెప్పి, ఈ వారం ఏ భాగం గట్టిపడాలో అడిగి రాసుకోండి.