మాటల ముచ్చట: స్కైరాకెట్ ఎక్కడిది?

ప్రశ్న: మా ఆఫీసు రిపోర్టులో సేల్స్ 4 శాతం పెరిగాయని రాస్తూ 'స్కైరాకెటెడ్' అన్నాను. మేనేజర్ కొట్టేశారు. ఇంతకీ ఆ మాటకు అర్థమేంటి, అంతరిక్షానికి పంపే రాకెట్ల నుంచే వచ్చిందా? - ఓ పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీ మేనేజర్‌ది కరెక్టే. స్కైరాకెట్ అంటే ఏదో పెరగడం కాదు, చూస్తుండగానే ఆకాశానికి ఎగబాకడం.

అంతరిక్షానికీ దీనికీ సంబంధం లేదండీ. స్కైరాకెట్ అంటే మనం దీపావళికి కాల్చే తారాజువ్వ. ఈ పేరు ఇంగ్లీషులో 17వ శతాబ్దం నాటికే ఉంది. 'ధరలు స్కైరాకెట్ అయ్యాయి' అన్నట్టు క్రియగా వాడటం 19వ శతాబ్దంలో మొదలైంది, అప్పటికి చంద్రుడి దాకా వెళ్లే రాకెట్లు ఎక్కడున్నాయి?

అసలు 'రాకెట్' అన్నదే ఇటాలియన్ మాట. నూలు వడికేటప్పుడు దూది చుట్టి పెట్టుకునే కర్రను వాళ్లు 'రొక్కా' అంటారు, దానికి ముద్దుపేరులాంటిదే 'రొక్కెట్టా', అంటే చిన్న రొక్కా. బేగంబజార్లో కొన్న జువ్వను ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి, పైన లావుగా మందు కూరిన గొట్టం, కింద సన్నటి పుల్ల, అచ్చం ఆ కర్రలాగే ఉంటుంది. ఆ పుల్ల పట్టుకోవడానికి పెట్టింది కాదు, జువ్వ గిరికీలు కొట్టకుండా నిటారుగా పోవడానికి. విరిగిపోతే పక్కింటి బాల్కనీలోకి దూరినా దూరుతుంది.

రాకెట్లతో యుద్ధాలూ చేశారు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడికి ఇంగ్లీషువాళ్లతో పాటు మన నిజాం సైన్యం కూడా వెళ్లింది, అక్కడ టిప్పు సైన్యం ఇనప గొట్టాల రాకెట్లు వదిలింది. ఆ రాకెట్లు చూశాకే ఇంగ్లండులో విలియం కాంగ్రీవ్ అనే ఆయన తన రాకెట్లు తయారుచేశాడు.

నాకు నచ్చింది మాత్రం 1792లో రచయిత థామస్ పెయిన్ బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఎడ్మండ్ బర్క్ మీద విసిరిన చురక: రాకెట్‌లా లేచాడు, పుల్లలా పడ్డాడు అని. అప్పటివాళ్లకు రాకెట్ అంటే జువ్వే గుర్తొచ్చేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మరి మనం ఎప్పుడు వాడాలంటారా? 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది చూడండి, అలాంటప్పుడు నిక్షేపంలా వాడొచ్చు. అదే ఏడాది జులైలో టమాటా కిలో 100 దాటినప్పుడు కూడా. 4 శాతానికైతే 'రోజ్', అంటే పెరిగాయి అంటే చాలు. మరీ చప్పగా ఉందనిపిస్తే 'రోజ్ స్లైట్లీ' అని రాయండి, మేనేజర్ ఏమీ అనరు.