కళ్లకు కట్టినంత మాత్రాన ప్రత్యక్షమేనా?

సందేహం: ఇంట్లోనే కళ్లజోడు లాంటి పరికరం పెట్టుకుని, మైదానం మధ్యలో తిరుగుతున్నట్టుగా ఆట చూసే రోజు రాబోతోందంటున్నారు. దాన్నీ ‘ప్రత్యక్ష ప్రసారం’ అనాలా? త్రిమితీయం, త్రిపరిమాణం – వీటిలో ఏది సరైనది? ‘లీనమయ్యే ప్రసారం’ అని కూడా ఒకచోట చదివాను.

సమాధానం: రెండో ప్రశ్న తేలిక. మితి, పరిమాణం రెండూ ‘మా’ (కొలుచు) ధాతువు నుంచి వచ్చినవే, రెండూ తప్పు కాదు. అయితే వాడుకలో పరిమాణమంటే సైజు అనే అర్థం బలపడింది. అందుకే నాకు త్రిమితీయం నచ్చుతుంది. మాటల్లో త్రీడీ అన్నా ఫర్వాలేదు.

చిక్కంతా ‘ప్రత్యక్షం’తోనే. కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం, కంటికి అవతల ఉన్నది పరోక్షం. రెండింటిలోనూ ఉన్నది కన్నే (అక్షి). టీవీ వచ్చాక ఈ మాట కన్నును వదిలి కాలాన్ని పట్టుకుంది. ఎక్కడో జరుగుతున్నదాన్ని జరుగుతుండగానే చూపిస్తే ప్రత్యక్ష ప్రసారం అన్నాం. తెర ముందు కూర్చున్నవాళ్లకు తాము మైదానంలో లేమని తెలుసు కాబట్టి ఇబ్బంది రాలేదు.

మీరు చెప్పిన పద్ధతి వస్తే ఇబ్బంది మొదలవుతుంది. ఇప్పటి త్రీడీ సినిమాకు ఆధారం 1838లో బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ వివరించిన ఉపాయమే. సుమారు 6 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న మన రెండు కళ్లకూ కొద్దిపాటి తేడా ఉన్న రెండు బొమ్మలు చూపితే, మెదడు వాటిని కలిపి లోతును చూస్తుంది. కానీ తల ఎంత పక్కకు జరిపినా ఆటగాడి వెనక ఏముందో కనిపించదు. అలా కాక, చుట్టూ అమర్చిన కెమెరాల చిత్రాలతో కంప్యూటరు ఆ చోటునంతా త్రిమితీయంగా కట్టి ఇస్తే, మీరు గోల్‌కీపర్ పక్కకు నడిచి వెళ్లి చూడవచ్చు. వారం తర్వాత కూడా అదే ఆటలో అలాగే నిలబడవచ్చు. అప్పుడది కంటికి ప్రత్యక్షం, కాలానికి కాదు. కాబట్టి ‘ప్రత్యక్ష ప్రసారం’ అన్న మాటను కాలానికే ఉంచి, చూసే తీరుకు వేరే మాట వెతుక్కోవాలి.

‘లీనమయ్యే ప్రసారం’ నాకు నచ్చలేదు. లీనమయ్యేది చూసేవాళ్లు, ప్రసారం కాదు. పైగా రేడియో నాటకం వింటూ కూడా లీనమవుతాం. ఈ పద్ధతిలో కొత్తదనం చుట్టూ చూడగలగడం. ఆ అర్థానికి సరిగ్గా సరిపోయే మాట ‘పరీక్ష’. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. కానీ అది ఎప్పుడో వేరే పనిలో స్థిరపడిపోయింది. అచ్చ తెలుగులో ‘చుట్టుచూపు’ అందామంటే చెవికి చుట్టపుచూపులా వినిపిస్తోంది. రాతకు ‘పరివీక్షణం’ వాడి చూడండి. జరుగుతుండగానే చూస్తే ‘ప్రత్యక్ష పరివీక్షణం’.

మాటల్లో ఏం నిలుస్తుందో జనం వాడే క్రియను బట్టి తేలుతుంది. ఇప్పుడు ‘నిన్న మ్యాచ్ చూశావా?’ అని అడుగుతున్నాం. రేపు ‘నిన్న మ్యాచ్‌లో ఎక్కడ నిలబడ్డావు?’ అని అడగడం మొదలైతే, ‘ప్రేక్షకుడు’ అన్న మాట గురించి కూడా మళ్లీ ఆలోచించాలి.